కొబ్బరి తోట కింద... గ్యాస్ లెక్క!

పైన కొబ్బరి తోటలు, పక్కన పంట కాలువ, అడుగున గ్యాస్. కోనసీమ చూడటానికి వెళ్లేవారికి కనిపించే అందం ఒకటైతే, అక్కడివారు నాలుగు దశాబ్దాలకు పైగా వేసుకుంటున్న లెక్క మరొకటి. చెప్పిందెంత... వచ్చిందెంత... ఎవరికి వచ్చింది?

కోనసీమకు వెళ్లినవారు కొబ్బరి తోటలో దింపు జరుగుతుండగా ఒక్కసారైనా చూడాలి. దింపు కార్మికుడు చకచకా చెట్టెక్కి గెలలు నరుకుతాడు. కాయలు దబదబా నేల మీద పడతాయి. వాటిని ఒకచోట కుప్ప పోశాక మొదలవుతుంది అసలు పని... లెక్కపెట్టడం. తోట యజమాని ఒకవైపు, కొనేవాడు మరోవైపు. చెట్టు మీద ఉన్నప్పుడు కాయను ఎవరైనా అంచనా కట్టొచ్చు. రాశిలో పడ్డాక మాత్రం ఒక్కో కాయా లెక్కలోకి రావాల్సిందే. అంబాజీపేట మార్కెట్టుకు వెళ్లే ప్రతి కాయకూ ఇదే పద్ధతి.

ఇంత కచ్చితమైన లెక్క నడిచే నేల మీదే, దేశంలోకెల్లా పెద్ద అంచనాలతో సాగిన గ్యాస్ వ్యాపారం కూడా నడిచింది. కృష్ణా గోదావరి బేసిన్... పొట్టిగా కేజీ బేసిన్. 1978లో నరసాపురం దగ్గర ఓఎన్‌జీసీ తవ్విన బావిలో గ్యాస్ బయటపడినప్పటి నుంచి ఈ పేరు పత్రికల్లో వినిపిస్తూనే ఉంది. 'బంగారు గని', 'దేశం దశ తిరిగినట్టే', 'ఇక దిగుమతులు అక్కర్లేదు'... ఇలాంటి మాటలు కోనసీమ ఎన్ని విన్నదో! ముడిచమురులో 85 శాతానికి పైగా, సహజ వాయువులో దాదాపు సగం దేశం నేటికీ విదేశాల నుంచే తెచ్చుకుంటోంది. అందుకే గ్యాస్ గురించి కొత్త ప్రకటన ఏది వచ్చినా ఇక్కడి టీ కొట్ల దగ్గర ముందు వినిపించేది చప్పట్లు కాదు, చిన్న నవ్వు.

ఆ నవ్వు వెనకున్న కథ తెలుసుకోవాలంటే రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా నిదానంగా ఒక ప్రయాణం చేయాలి.

దారిలోనే మొదటి పాఠం

రాజమండ్రి దాటి జాతీయ రహదారి ఎక్కగానే కడియం నర్సరీలు పలకరిస్తాయి. బంతులు, గులాబీలు, బోన్సాయ్ చెట్లు... కారు ఆపకుండా వెళ్లడం కష్టమే. ఆ పూల పక్కనే, వేమగిరి, జేగురుపాడు దగ్గర, పొగ గొట్టాలున్న పెద్ద కట్టడాలు కనిపిస్తాయి. అవి గ్యాస్‌తో కరెంటు తీసే కేంద్రాలు.

కాగితం మీద ఇంత మంచి ఆలోచన మరొకటి లేదు. బొగ్గును మండించి కరెంటు తీస్తే అందులోని వేడిలో దాదాపు మూడో వంతే కరెంటుగా మారుతుంది. అదే ఆధునిక గ్యాస్ ప్లాంటులో అయితే సగానికి పైగా మారుతుంది. ముందు గ్యాస్ టర్బైన్ తిరుగుతుంది, దాన్నుంచి వచ్చే వేడి పొగతో నీటిని ఆవిరి చేసి మరో టర్బైన్‌ను తిప్పుతారు. ఒకే ఇంధనంతో రెండు పనులు! బూడిద ఉండదు, పొగ తక్కువ. పక్కనే గ్యాస్ ఉన్నప్పుడు ఇంకేం కావాలి?

కావలసింది ఆ గ్యాసే. అదే రాలేదు.

వేమగిరిలో 2006 నాటికే ఒక ప్లాంటు సిద్ధమైంది. గ్యాస్ కోసం 2009 దాకా ఎదురుచూసింది. ఆ తరవాత అక్కడే 768 మెగావాట్ల మరో ప్లాంటు కట్టారు. గౌతమి వంతెన దాటి రావులపాలెం చేరితే దేవరపల్లిలో 445 మెగావాట్ల ప్లాంటు. కాకినాడ వైపు సామర్లకోటలో ఏకంగా 2,400 మెగావాట్లకు యంత్రాలు తెప్పించారు. గ్యాస్ ఎప్పటికీ అందకపోవడంతో వాటిలో కొన్ని బంగ్లాదేశ్‌కు తరలిపోయాయి. గ్యాస్ ఉత్పత్తి పడిపోతోందని గ్రహించిన కేంద్రం, 2015-16 దాకా కొత్త గ్యాస్ ప్లాంట్ల ఊసెత్తవద్దని 2012లోనే చెప్పింది. అప్పటికే కట్టినవి కట్టేశారు. 2015లో విదేశీ గ్యాస్ తెచ్చి, సర్కారు సాయంతో వాటిని నడిపే పథకం పెట్టారు. అది 2017 మార్చితో ముగిసింది. ఇలా గ్యాస్ అందక చిక్కుకుపోయిన ప్లాంట్ల సామర్థ్యం దేశం మొత్తం మీద 14 వేల మెగావాట్లకు పైమాటేనని లెక్క తేలింది.

సగం వేడిని కరెంటుగా మార్చే యంత్రం గొప్పదే. కానీ ఇంధనం లేని యంత్రం సామర్థ్యం సున్నా. దానికోసం బ్యాంకులు ఇచ్చిన అప్పు మాత్రం సున్నా కాదు. ఆ అప్పు ఇచ్చింది బ్యాంకులో దాచుకున్న జనం సొమ్మే.

సముద్రం చెప్పిన లెక్కలు

రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం. రోడ్డుకు ఒకపక్క కాలువ, రెండో పక్క కొబ్బరి, అరటి. మధ్యమధ్యలో మండువా లోగిళ్లు. అమలాపురం నుంచి సముద్రం వైపు వెళితే ఎస్.యానం. సెలవు రోజుల్లో చుట్టుపక్కల కుటుంబాలన్నీ చేరే తీరం ఇది. పిల్లలు అలలతో ఆడుకునే ఈ ఇసుకకు దగ్గర్లోనే రవ్వ చమురు టెర్మినల్ ఉంది.

రవ్వ సంగతి ముందు చెప్పుకోవాలి. ఎందుకంటే ఇది చెప్పినదానికంటే ఎక్కువ ఇచ్చిన క్షేత్రం. 1987లో సముద్రంలో కనుగొన్నారు. 1993లో చమురు మొదలైంది. మంచి రోజుల్లో రోజుకు 50 వేల పీపాలు తీశారు. మొదట వేసిన అంచనాకు రెండింతలకు పైగా ఇచ్చింది. అంటే అంచనాలన్నీ గాలి మాటలని కొట్టిపారేయడానికీ లేదు.

కానీ రవ్వ గురించి ఎవరూ పెద్దగా ఊదరగొట్టలేదు. ఊదరగొట్టినవి వేరే ఉన్నాయి.

2002లో కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో రిలయన్స్‌కు భారీ గ్యాస్ నిక్షేపం దొరికింది. అదే కేజీ-డీ6. గ్యాస్ ఒడ్డుకు చేరే చోటు తాళ్లరేవు మండలంలోని గాడిమొగ. అక్కడి నుంచి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర దాటి గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల పైపులైను వేశారు. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ వచ్చింది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీస్తామన్నది ప్రణాళిక. 2010లో 6 కోట్ల దాకా వెళ్లింది. ఇక ఎక్కడమే తరువాయి అనుకుంటుండగా దిగడం మొదలైంది. 2014 నాటికి కోటిన్నర కూడా లేదు. భూగర్భం అనుకున్నట్టు లేదు, బావుల్లోకి నీరు, ఇసుక చేరాయన్నది కంపెనీ మాట. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదన్నది ప్రభుత్వం మాట. వివాదం మధ్యవర్తుల దాకా వెళ్లింది. మొదట గ్యాస్ ఇచ్చిన ఆ రెండు క్షేత్రాలూ 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. అదే ఏడాది డిసెంబరు నుంచి, పక్కనున్న కొత్త క్షేత్రాల్లో ఒక్కొక్కటిగా ఉత్పత్తి మొదలుపెట్టి 2023 నాటికి మళ్లీ నిలదొక్కుకున్నారు. అయినా చేరింది రోజుకు 3 కోట్ల ఘనపు మీటర్ల దరిదాపులకే. తొలి ప్రణాళికలో సగం కూడా కాదు.

ఇంకొకటి. 2005 జూన్‌లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ ఇదే తీరంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ కనుగొన్నట్టు ఘనంగా ప్రకటన వెలువడింది. ఆ తరవాత ఆమోదం పొందిన ప్రణాళికలో తేలింది అందులో పదో వంతు. వేల కోట్లు అప్పులయ్యాయి. కాగ్ తప్పుపట్టింది. చివరికి 2017లో ఓఎన్‌జీసీ ఆ క్షేత్రంలో 80 శాతం వాటాను సుమారు 7,700 కోట్ల రూపాయలకు తీసుకుంది. అదీ ప్రభుత్వ సంస్థే. జేబు మారింది, చొక్కా ఒకటే.

ఇక 2024 జనవరిలో ఓఎన్‌జీసీ ఇదే సముద్రంలోని మరో లోతు క్షేత్రం నుంచి తొలి చమురు తీసింది. అదీ గడువులు ఎన్నోసార్లు దాటాకే. మంచిదే. కానీ కోనసీమ మాత్రం అనుభవం నేర్పినట్టు... దింపు అయ్యాక చూద్దాం అనే అంటుంది.

సముద్రం గ్యాస్ విషయంలో మరో మెలిక ఉంది. నేల మీద తవ్విన బావికి రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. సముద్రంలో తవ్వితే కేంద్రానికే. గొట్టం మన ఊరి మీదుగానే వెళ్లినా, అందులో వెళ్లే గ్యాస్ మీద రాయల్టీ మన ఖజానాకు రాదన్నమాట.

65 రోజులు ఆరని మంట

అమలాపురం నుంచి రాజోలు వైపు వెళుతుంటే బోడసకుర్రు దగ్గర వైనతేయ గోదావరి. వంతెన మీద కాసేపు ఆగితే ఇటు నీరు, అటు పచ్చదనం... కళ్లు తిప్పుకోలేం. అవతలి ఒడ్డు పాశర్లపూడి.

ఈ పేరు వినగానే నలభై దాటిన కోనసీమవాసులెవరికైనా 1995 సంక్రాంతి గుర్తొస్తుంది. ఆ ఏడాది జనవరి 8న, పండగ ఇంకా వారం ఉందనగా, దేవర్లంక దగ్గర ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావిలో గ్యాస్ అదుపు తప్పి ఎగదన్నింది. అంటుకుంది. అప్పటికి 2,700 మీటర్ల లోతుకు పైగా తవ్వారు. అంత లోతునుంచి ఒత్తిడితో దూసుకొచ్చే గ్యాస్ మండుతుంటే ఆ హోరు, ఆ వేడి మైళ్ల దూరానికి తెలిశాయి. చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. పిండివంటలు చేసుకోవాల్సిన ఇళ్లకు తాళాలు పడ్డాయి. రాత్రి చీకటే పడని ఊళ్లు అవి. విదేశీ నిపుణులను రప్పించినా మంట లొంగింది మార్చి 15న. మొత్తం 65 రోజులు!

ఎంత గ్యాస్ తగలబడిందో, ఎన్ని చెట్లు మాడాయో అన్నది ఒక లెక్క. అంతకంటే ముఖ్యమైంది, ఆ రోజుతో ఊరికి తెలిసొచ్చిన సంగతి. తోట పక్కన రిగ్గు నిలబడితే అది పక్కవాడి యంత్రం కాదు, మన ఇంటి సంగతే అని.

ఆ తెల్లవారుజామున...

అక్కడి నుంచి కాస్త దూరంలోనే నగరం. పేరుకు నగరమే కానీ పల్లెటూరు. మామిడికుదురు మండలం. 2014 జూన్ 27 తెల్లవారుజామున, జనం ఇంకా పూర్తిగా లేవకముందే, ఊరి పక్కగా వెళ్లే గెయిల్ పైపులైను నుంచి లీకైన గ్యాస్ మంచులా పరుచుకుంది. ఎక్కడో ఒక నిప్పు రవ్వ. అంతే... ఇళ్లు, కొట్లు, కొబ్బరి చెట్లు ఒక్కసారిగా అంటుకున్నాయి. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. నిద్రలోనే పోయినవాళ్లున్నారు. పిల్లలున్నారు.

ఎందుకు జరిగింది? విచారణలో తేలిన విషయం చదివితే కడుపు రగులుతుంది. ఆ గొట్టం పొడి గ్యాస్ కోసం వేసింది. పంపింది మాత్రం నీరూ, చమురు తడీ కలిసిన గ్యాస్. తేమను వేరుచేసే ఏర్పాటు లేదు. తడి గొట్టం అడుగున చేరి ఇనుమును లోపలి నుంచి తినేసింది. బావిలో తుప్పు పట్టిన బకెట్‌ను చూసి మార్చేయాలని ఏ ఇల్లాలికైనా తెలుస్తుంది. భూమిలో పూడ్చిన గొట్టం తుప్పు పైకి కనిపించదు. దాన్ని చూడాల్సినవాళ్లు చూడాలి.

పాశర్లపూడి భూగర్భం చేసిన పని అనుకుంటే, నగరం మనుషుల లెక్కతప్పు. పొదుపు అనుకుని వదిలేసిన ఒక చిన్న ఏర్పాటుకు ఆ ఊరు ప్రాణాలతో మూల్యం చెల్లించింది. గ్యాస్ చౌక అని చెప్పే అంకెల్లో ఈ ఖర్చు ఏ వరసలో రాస్తారు?

వంటింట్లో సిలిండరు... ఎక్కడిది?

నగరం దాటితే తాటిపాక. సెంటరులో ఆగితే బస్సుల సందడి, టీ కొట్లు, కొబ్బరికాయల లారీలు. ఇక్కడో విశేషం ఉంది. దేశంలోకెల్లా చిన్న రిఫైనరీ తాటిపాకలోనే ఉంది. ఓఎన్‌జీసీ 2001లో మొదలుపెట్టింది. ఏడాదికి 66 వేల టన్నుల ముడిచమురును శుద్ధి చేయగలదు. కోట్ల టన్నులు శుద్ధి చేసే రిఫైనరీల ముందు ఇది బొమ్మరిల్లు. అయినా చుట్టుపక్కల బావుల చమురును ఎక్కడికో మోయకుండా ఇక్కడే పని కానిస్తుంది.

కోనసీమ ఇళ్లలో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. 'గ్యాసంతా మన కిందే ఉంది కదా, మరి సిలిండరుకు ఇంత ధరేంటండీ?' ప్రశ్న న్యాయంగానే ఉంది. జవాబు మాత్రం కొంచెం వేరు. ఇక్కడి బావుల్లోంచి వచ్చేది ఎక్కువగా మీథేన్. పైపుల్లో వెళ్లి ఎరువుల కర్మాగారాలకు, కరెంటు ప్లాంట్లకు చేరుతుంది. వంటింట్లోని 14.2 కిలోల సిలిండరులో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. దేశంలో వాడే వంట గ్యాస్‌లో దాదాపు 60 శాతం ఓడల్లో వస్తోంది. అలా వచ్చేదాన్ని దాచడానికి విశాఖపట్నంలో కొండ రాతిని తొలిచి, సముద్ర మట్టానికి దిగువన 60 వేల టన్నులు పట్టే గుహే కట్టారు. 2007 నుంచి పనిచేస్తోంది. అంటే... కోనసీమ కింది గ్యాస్ గొట్టాల్లో బయటికి వెళుతుంది, కోనసీమ పొయ్యి మీది గ్యాస్ ఓడెక్కి వస్తుంది!

మీథేన్‌ను కూడా ఇంటికి గొట్టంతో ఇవ్వొచ్చు. గోదావరి జిల్లాల్లో కొన్ని పట్టణాలకు అలా ఇస్తున్నారు. పాశర్లపూడిలో మంట లేచిన ఇన్నేళ్లకు! ముందు బావులున్న పల్లెలకు ఇచ్చి ఆ తరవాత భరూచ్ దాకా వెళ్లి ఉంటే, 'మన గ్యాస్ మనకే' అన్న నినాదం పుట్టేదే కాదేమో.

ఇలాగని ఏమీ రాలేదనడమూ తప్పే. కాకినాడ ఎరువుల కర్మాగారం ఈ గ్యాస్‌తో యూరియా చేసింది. విజ్జేశ్వరంలో తొంభైల మొదట్లోనే ఈ గ్యాస్ కరెంటు తీసింది. కొందరికి ఉద్యోగాలొచ్చాయి, కొన్ని ఊళ్లకు రోడ్లు, బడులు వచ్చాయి. అనుమానమంటే అన్నిటినీ కాదనడం కాదు కదా.

నేల కుంగుతోందా?

తాటిపాక నుంచి రాజోలు, మలికిపురం మీదుగా సముద్రం వైపు సాగేకొద్దీ మరో మాట వినిపిస్తుంది. గ్యాస్ తోడేయడం వల్ల నేల కుంగుతోందని, ఉప్పునీరు చేలలోకి వస్తోందని. ఈ మాటను కూడా నిదానంగా తూకం వేయాలి.

డెల్టా నేల ఎప్పుడూ కొంచెం కొంచెం కిందికి దిగుతూనే ఉంటుంది. మెత్తటి ఒండ్రు తన బరువుకే అణుగుతుంది. ఏటా వరద తెచ్చే కొత్త ఒండ్రు ఆ లోటు పూడుస్తుంది. గోదావరి మీద, దాని ఉపనదుల మీద ఆనకట్టలు పెరిగాక ఒండ్రు అక్కడే ఆగిపోతోంది. తీరానికి చేరేది తగ్గింది. దానికి తోడు సముద్ర మట్టం పెరుగుతోంది. ఇక గ్యాస్ తోడటం వాటా ఎంత? శాస్త్రవేత్తల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. 'అంతా గ్యాస్ వల్లే' అన్నా, 'గ్యాస్ వల్ల కానే కాదు' అన్నా రుజువు చూపాలి. ఊరూరా నేల ఎత్తును ఏటా కొలిచి, ఆ అంకెలు పంచాయతీ గోడ మీద రాస్తే సగం వాదన తీరిపోతుంది. వర్షపాతం కొలిచినట్టే ఇదీ.

వశిష్ఠ కలిసే చోట

ప్రయాణం చివర అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి గుడి. మాఘమాసంలో కల్యాణానికి లక్షల జనం. గుడి దాటి ముందుకు వెళితే లైట్‌హౌస్, ఆ తరవాత వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు. ఒకవైపు నది రంగు, మరోవైపు సముద్రం రంగు.

అక్కడ నిలబడితే ఈ నేలకు దక్కిన మరో పెద్ద పథకం గుర్తుకొస్తుంది. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశాడు. అదీ ప్రభుత్వ పథకమే, అప్పుడూ ఖర్చు మీద బోలెడన్ని అనుమానాలున్నాయి. కానీ దాని నీరు కాలువలోకి వచ్చింది, కాలువలోంచి బోదెలోకి, బోదెలోంచి చేలోకి. ఫలితం రైతు కళ్లముందే కనిపించింది. అందుకే ఊరూరా ఆయన విగ్రహాలు. గ్యాస్ అలా కాదు. కనిపించదు, కొలవలేం, ఎటు వెళుతోందో తెలియదు. తెలిసేది మంట లేచినప్పుడే.

అందుకే కోనసీమ అడిగేది గ్యాస్ ఆపేయమని కాదు. ఈ బావిలో ఎంత వస్తుందన్నారు, ఎంత వచ్చింది, ఊరికి ఎంత దక్కింది, మా ఇంటి పక్క గొట్టాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు... ఈ నాలుగు అంకెలు పక్కపక్కన రాసి చూపించమంటుంది. కొబ్బరికాయ విషయంలో చిన్న రైతు చేసే పనే అది. చెట్టు మీద అంచనా, కింద రాశి, చేతిలో డబ్బు... మూడూ సరిపోతేనే మళ్లీ దింపు.

ఇలా వెళ్లాలి

రాజమండ్రి దాకా రైల్లో వచ్చి, రావులపాలెం మీదుగా బస్సులో లేదా కారులో అమలాపురం చేరవచ్చు. అటువైపు నుంచి వచ్చేవారికి నరసాపురం, పాలకొల్లు రైల్వే స్టేషన్లు దగ్గర. పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటితే దిండి, రాజోలు. దిండిలో పర్యాటక శాఖ రిసార్టు ఉంది. దారిలో ఆత్రేయపురం పూతరేకులు, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు, అంతర్వేది గుడి తప్పక చూడాలి. వర్షాలు తగ్గాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. సంక్రాంతికి వెళితే జగ్గన్నతోట ప్రభల తీర్థం కూడా కళ్లారా చూడొచ్చు.